బఫింగ్ మిషన్ ఎంపిక: క్లియర్ కోటు, త్రో, ప్యాడ్ల లెక్క

(విజయవాడ ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్, డిటెయిలింగ్ పనివాళ్ల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. ఇక్కడ పెయింటింగ్ మేస్త్రీలు ఉన్నారు, కొత్తగా డిటెయిలింగ్ షాపు పెట్టుకుంటున్న కుర్రాళ్లు ఉన్నారు, సొంత కారు సొంతంగా చేసుకుందామని వచ్చినవాళ్లూ ఉన్నారు. బఫింగ్ మిషన్, అంటే పెయింటుకు మెరుపు తెచ్చే పాలిషింగ్ మిషన్ కొనాలంటే అందరూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని వాట్లు?" వాట్ల సంగతి చివర్లో చూసుకుందాం. అసలు కారు మీద మనం కోయడానికి, అంటే గీతలు పోయేలా సన్నగా అరగదీయడానికి, ఎంత పొర ఉందో తెలిస్తేనే, ఏ మిషన్ చేతిలో ఉండాలో తేలుతుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు కారు తీసుకోండి. రేకు మీద ముందు ఈడీ కోటు, అంటే తుప్పు పట్టకుండా కరెంటుతో పట్టించే పొర, సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని మీద ప్రైమర్ 30 నుంచి 40. ఆ పైన రంగు 12 నుంచి 20. అన్నిటికంటే పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శక పొర, 35 నుంచి 50. మొత్తం కలిపితే చాలా కార్లకు 90 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, మన పనంతా జరిగేది అందులో సగం పైచిలుకు మందం ఉన్న ఈ క్లియర్ కోటు మీద. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనం ఆ పొరలోనే ఉంది. పొర పలచబడితే ఆ కాపుదల తగ్గిపోతుంది. అప్పటికి కారు అద్దంలా మెరిసినా, కొన్ని ఎండాకాలాలు గడిచాక బానెట్టు మీద, టాపు మీద పొలుసులు లేస్తాయి. బెజవాడ ఎండలో అది ఇంకా తొందరగా జరుగుతుంది.

అందుకే కారు జీవితకాలం మొత్తంలో క్లియర్ కోటులో 8 నుంచి 10 మైక్రాన్లకు మించి తీయకూడదని లెక్క పెట్టుకోండి. వూల్ ప్యాడ్, రోటరీ మిషన్ (ప్యాడు ఒకే దిశలో గుండ్రంగా తిరిగేది), గట్టి కాంపౌండ్ (గరుకు రేణువులున్న పాలిష్ ముద్ద) కలిస్తే ఒక్క విడతలోనే సుమారు 3 నుంచి 5 మైక్రాన్లు పోవచ్చు. డీఏ మిషన్ (ప్యాడు తిరుగుతూ ఊగేది) మీద మైక్రోఫైబర్ ప్యాడ్ అయితే 2, 3. ఫినిషింగ్ ఫోమ్ అయితే ఒకటి కంటే తక్కువ. ప్యాడూ, కాంపౌండూ, చెయ్యీ మారితే ఈ అంకెలు మారతాయి, కానీ వరస మాత్రం ఇదే. ఏటా దీపావళికి ఒకసారి "రబ్బింగ్ కొట్టించే" కారుకు ఎన్నేళ్లలో పొర అయిపోతుందో మీరే కూడుకోండి.

కాబట్టి మిషన్ కంటే ముందు కొనాల్సింది పెయింటు మందం కొలిచే గేజి. ఇనుము, అల్యూమినియం రెండింటి మీదా చదివేది తీసుకోండి. కొన్ని కార్లకు బానెట్టు అల్యూమినియం ఉంటుంది, అక్కడ అయస్కాంతం మీద మాత్రమే పనిచేసే గేజి పనికిరాదు. ప్లాస్టిక్ బంపరు మీద ఈ రెండు రకాలూ చదవవు, దానికి అల్ట్రాసోనిక్ గేజి కావాలి. ఒక్కో ప్యానెల్ మీద కనీసం ఐదు చోట్ల చూడండి. 90 నుంచి 140 వస్తే చాలావరకు ఫ్యాక్టరీ పెయింటే. 200, 300 వస్తే రీపెయింట్. 500 దాటితే కింద లప్పం ఉంది. 80 కంటే తక్కువ వచ్చినచోట కటింగ్ జోలికి పోకండి, ఫినిషింగ్ పాలిష్‌తో సరిపెట్టి, కస్టమర్‌కు ఆ రీడింగ్ చూపించి చెప్పండి. ఇంకో జాగ్రత్త: గేజి చెప్పేది మొత్తం మందం, క్లియర్ ఒక్కదానిది కాదు. రీపెయింట్ మీద 250 కనిపించిందని ధైర్యంగా కోస్తే, అందులో 200 ప్రైమరూ లప్పమే అయి ఉండొచ్చు.

ఇప్పుడు మిషన్లకు వద్దాం.

ముందు అసలు వాడకూడనిది చెబుతాను, ఎందుకంటే అది మన షెడ్లలో చాలాచోట్ల కనిపిస్తోంది: నాలుగంగుళాల గ్రైండరుకు ఫోమ్ ప్యాడ్ బిగించి కారు మీద పెట్టడం. ఆ గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల ప్యాడు అంచు ఆ వేగంలో సెకనుకు 57 మీటర్లు పరుగెత్తుతుంది. అదే పాలిషింగ్ రోటరీ మీద 150 మిల్లీమీటర్ల ప్యాడును 1,500 చుట్ల మీద నడిపితే అంచు వేగం సెకనుకు 12 మీటర్లు. దాదాపు ఐదు రెట్ల తేడా. అంత రాపిడికి పుట్టే వేడి క్లియర్ కోటును క్షణాల్లో మెత్తబరిచి చీలుస్తుంది. "రెగ్యులేటర్ పెట్టి స్పీడు తగ్గిస్తున్నాం కదా" అంటారు. రెగ్యులేటర్‌తో స్పీడు తగ్గితే బలం కూడా తగ్గుతుంది. కొంచెం నొక్కగానే మిషన్ ఆగిపోతుంది, వదలగానే ఎగిరి దూకుతుంది. లోపలి ఫ్యాను నెమ్మదిగా తిరగడం వల్ల మోటారు కూడా వేడెక్కి కాలిపోతుంది. మంచి పాలిషింగ్ మిషన్‌లో లోడు పడినా వేగాన్ని నిలబెట్టే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. మనం డబ్బు పెట్టేది దానికే.

రోటరీ అంటే షాఫ్టు ఎలా తిరిగితే ప్యాడు అలాగే తిరిగే మిషన్. సాధారణంగా 600 నుంచి 3,000 చుట్లు, ప్లేటు బిగించడానికి ఎం14 (14 మిల్లీమీటర్ల) మర, బరువు రెండు మూడు కిలోలు. కోత దీనిదే ఎక్కువ. 1500, 2000 వాటర్ పేపరు గీతలు తీయాలన్నా, పెయింటు కారిన చోట తడి పేపరు పెట్టి సాపు చేశాక మెరుపు తేవాలన్నా దీనికి సాటి లేదు. దీని ఇబ్బంది ఏమిటంటే, గరుకు రేణువులన్నీ ఒకే దిశలో వంపు గీతలు గీస్తూ పోతాయి. ఎండలో నల్ల కారు మీద నీడలా కదిలే చారలు కనిపిస్తాయి చూడండి, హోలోగ్రామ్‌లు అంటాం, అవి ఇవే. రెండోది వేడి. ఒకేచోట రెండు సెకన్లు ఎక్కువ నిలిపినా, బాడీ లైను మీద ప్యాడు అంచు ఆనించినా పెయింటు కాలిపోతుంది.

డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్. ఇందులో ప్యాడు మధ్యబిందువు షాఫ్టుకు పక్కగా ఉంటుంది. అందువల్ల ప్యాడు మొత్తం ఒక చిన్న వలయంలో ఊగుతుంది, దాంతోపాటు బేరింగ్ మీద తనంతట తాను నెమ్మదిగా తిరుగుతుంది కూడా. ఊగే వలయం వ్యాసాన్నే త్రో అంటారు. 8, 12, 15, 21 మిల్లీమీటర్లు మార్కెట్లో దొరికేవి. దిశ ప్రతి క్షణం మారుతుంది కాబట్టి హోలోగ్రామ్ పడదు, వేడి ఒకచోట కుప్పపడదు.

మిషన్ ఎంపికంతా ఈ త్రో చుట్టూ తిరుగుతుంది, అందుకని దీని మీద కాస్త ఆగుదాం. నిమిషానికి 4,000 ఊగుళ్ల మీద 8 మిల్లీమీటర్ల త్రో ఉన్న ప్యాడు సెకనుకు 1.7 మీటర్ల వేగంతో కదులుతుంది. 15 అయితే 3.1 మీటర్లు, 21 అయితే 4.4. త్రో పెరిగితే కోత పెరుగుతుందని చెప్పడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. చిన్న త్రో మిషన్లను 6,000, 7,000 దాకా నడిపి ఆ లోటు పూడ్చుకుంటారు, కానీ ఆ వేగంలో కంపనం చేతికి ఎక్కుతుంది, ప్యాడు మధ్యలో వేడి పెరుగుతుంది. అలాగని 21 కొనేస్తే పనైపోయిందా? కాలేదు. డీఏలో ప్యాడు తిరిగేది ఎవరూ బలవంతపెట్టకుండానే. ప్యాడు సమంగా ఆనకపోయినా, ఎక్కువ నొక్కినా ఆ తిరుగుడు ఆగిపోతుంది. అప్పుడు మిషన్ మోగుతూనే ఉంటుంది, చేతికి ఊగుడు తెలుస్తూనే ఉంటుంది, కోత మాత్రం చాలావరకు పడిపోతుంది. త్రో, ప్యాడు పెద్దవయ్యేకొద్దీ వంపుల మీద ఈ ఆగడం ఎక్కువ. ఇన్నోవా, ఫార్చ్యూనర్, స్కార్పియో బానెట్టు మీద, టాపు మీద 21 హాయిగా పరుగెత్తుతుంది. స్విఫ్ట్ డోరు కింది వంపు మీద అదే మిషన్ నిలబడిపోతుంది.

తిరుగుడు ఆగిందో లేదో తెలుసుకోవడానికి బ్యాకింగ్ ప్లేటు (ప్యాడు అంటించే పళ్లెం) అంచు మీద నల్ల మార్కరుతో ఒక అడ్డగీత గీయండి. పని చేస్తూ ఆ గీతను గమనించండి. గీత తిరుగుతూ కనిపిస్తే కోత ఉంది. ఒకేచోట వణుకుతోందంటే చెయ్యి తేలిక చేయండి, లేదా ప్యాడును సమంగా ఆనించండి. కొత్తవాళ్లకు ఇంతకు మించిన గురువు లేదు.

మూడో రకం గేరు డీఏ, బలవంతంగా తిప్పేది. ఊగుడుతో పాటు తిరుగుడును కూడా గేరే నడుపుతుంది. జర్మనీ కంపెనీ ఫ్లెక్స్ వారి ఎక్స్‌సీ 3401 ఈ రకంలో పేరున్నది: 8 మిల్లీమీటర్ల త్రో, నిమిషానికి 160 నుంచి 480 చుట్లు. ఇటలీ కంపెనీ రూపెస్ వారి మిల్లే కూడా ఇదే జాతి, త్రో 5 మిల్లీమీటర్లు. వంపు మీద ఆగదు, నొక్కినా ఆగదు. గట్టి క్లియర్ కోటు ఉన్న కార్ల మీద బాగా పనికొస్తుంది. అయితే ఆగకపోవడంలోనే ప్రమాదం కూడా ఉంది. మామూలు డీఏ అంచు మీద పడితే తిరుగుడు ఆగి, మీ పొరపాటును చాలావరకు కాచేస్తుంది. ఇది కాయదు. చేతిని పక్కకు లాగుతుంది కూడా, అలవాటు పడటానికి సమయం పడుతుంది.

ఇక తీర్పు. డిటెయిలింగ్ చేసేవాళ్లకు, సొంత కారు చేసుకునేవాళ్లకు మొదటి మిషన్ 15 మిల్లీమీటర్ల త్రో, 125 మిల్లీమీటర్ల ప్లేటు ఉన్న మామూలు డీఏ. రెండోది 21 కాదు, 75 మిల్లీమీటర్ల ప్యాడు పట్టే మినీ. పిల్లర్లు, అద్దాల వెనక భాగం, బంపరు మూలలు, డోరు హ్యాండిల్ చుట్టూ పెద్ద మిషన్ పట్టదు. అక్కడ వదిలేసిన పని కస్టమర్ కంటికి మొదట కనిపిస్తుంది. రోజూ పెద్ద బళ్లే వస్తుంటే మూడోదిగా 21 తీసుకోండి. పెయింటింగ్ మేస్త్రీలకు వరస వేరు. పేపరు గీతలు తీయడమే మీ పని కాబట్టి మీకు మొదటిది రోటరీ. కానీ రోటరీతో కోసిన ప్రతి ప్యానెల్ మీదా చివర డీఏ నడిపితేనే బండి బయటికి పంపండి. ఆ ఒక్క విడతతో హోలోగ్రామ్ ఫిర్యాదులు ఆగిపోతాయి.

షాపులో ఏం చూడాలి? ప్యాడు బిగించి నడపమని అడగండి, ఖాళీగా కాదు. డీఏ లోపల కౌంటర్ వెయిట్, అంటే ఊగుడును సరితూచే బరువు, ఉంటుంది, అది ఫలానా సైజు ప్లేటుకూ ప్యాడుకూ సరితూగేలా చేసినది. 125 మిషన్‌కు 150 ప్లేటు బిగిస్తే ఆ తూకం చెడి కంపనం మొదలవుతుంది, బేరింగ్ పోతుంది. "రెండు ప్లేట్లూ పడతాయి, ఫ్రీగా ఇస్తాం" అన్న మాటకు సంబరపడకండి. స్విచ్ నొక్కగానే నెమ్మదిగా వేగం అందుకోవాలి, ఒక్కసారిగా ఎగరకూడదు. స్పీడు డయలు ఒకటి నుంచి ఆరు దాకా తిప్పినప్పుడు ప్రతి అంకెకూ తేడా వినిపించాలి. ఐదు నిమిషాలు నడిపాక తల భాగం మీద చెయ్యి పెట్టండి, పట్టుకోలేనంత వేడెక్కిందంటే వద్దనండి. కార్బన్ బ్రష్‌లు, బ్యాకింగ్ ప్లేటు విడిగా ఇక్కడ దొరుకుతాయా అని అడగండి. ఎంత గొప్ప మిషనైనా ప్లేటు కోసం నెల రోజులు మూల పడుంటే దండగ. బరువు కూడా చూడండి. ఒక కారు పూర్తిగా సరిచేయడానికి రోజంతా పట్టొచ్చు, సాయంత్రానికి అరకిలో తేడా భుజానికి తెలుస్తుంది.

ఇప్పుడు వాట్లు. మామూలు డీఏకు 500 వాట్లు సరిపోతాయి, రూపెస్ 15 మిల్లీమీటర్ల మిషన్ కూడా ఆ ప్రాంతంలోదే. రోటరీకి 1,000 పైన ఉంటే మంచిది. కానీ మోటారుకు అందే వోల్టేజి తక్కువైతే ఏ అంకె రాసి ఉన్నా ఒకటే. సన్నటి వైరుతో పాతిక మీటర్ల ఎక్స్‌టెన్షన్ లాగి, అదే లైను మీద కంప్రెసర్ కూడా నడుపుతుంటే డీఏ నీరసపడుతుంది. 15 మీటర్లు దాటితే 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల వైరు వాడండి, ఎర్తు తప్పకుండా ఉండాలి. నేలంతా తడిగా ఉండే చోట పని మనది.

ప్యాడ్ల దగ్గర చాలామంది చెయ్యి ముడుచుకుంటారు. డబ్బంతా మిషన్ మీద పెట్టి, రెండు ప్యాడ్లతో నాలుగు కార్లు చేద్దామనుకుంటారు. నా మాట వినండి, మొత్తం బడ్జెట్‌లో సగానికి మించి మిషన్ మీద పెట్టకండి. మిగతాది గేజి, ప్యాడ్లు, లైటు. ఒక సెడాన్‌కు కటింగ్ ప్యాడ్లు నాలుగు, పాలిషింగ్ ఫోమ్‌లు మూడు, ఫినిషింగ్ రెండు చేతిలో ఉండాలి. కొన్ని ప్యానెళ్లకు ఒకసారి ప్యాడు మార్చాలి. ఎందుకంటే కోసిన పెయింటు పొడి, వాడేసిన కాంపౌండు ప్యాడులో ముద్దకట్టి, కొత్త గీతలు గీయడం మొదలుపెడతాయి. తడిసి వేడెక్కిన ఫోమ్ బిగువు కూడా పోతుంది. ప్రతి సెక్షన్ తర్వాత గాలి కొట్టండి, లేదా నైలాన్ బ్రష్‌తో దులపండి. ప్యాడు ప్లేటు కంటే చుట్టూ కనీసం ఒక సెంటీమీటరు బయటికి ఉండాలి. రెండూ ఒకే సైజైతే ప్లేటు అంచు అద్దాన్నో, డోరు అంచునో కొడుతుంది.

పని వరస త్వరగా చెబుతాను. కడగడం, ఐరన్ రిమూవర్ (పెయింటులో దిగిన ఇనుప రజనును కరిగించే ద్రవం), తారు మరకలు తీయడం, లూబ్రికెంట్‌తో క్లే (అంటుకున్న మురికిని లాగేసే బంకముద్ద) రుద్దడం. ఇవి లేకుండా మిషన్ పెట్టకూడదు. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ ప్లాంటు బూడిద, క్రషర్ల పొడి, ఇసుక లారీల దుమ్ము కార్ల మీద పడుతూనే ఉంటాయి. పొద్దున్నే పొడి తుండుగుడ్డతో ఆ దుమ్మును తుడవడం వల్లే మనం చూసే సాలెగూడు గీతల్లో ఎక్కువ భాగం పడుతున్నాయి. పాలిష్ చేసి పంపేటప్పుడు ఓనరుకే కాదు, డ్రైవరుకూ ఈ మాట చెప్పండి.

తర్వాత అంచులకు, బాడీ లైన్లకు, రబ్బరు బీడింగ్‌కు మాస్కింగ్ టేపు. అంచు మీద పెయింటు ఎప్పుడూ పలచగానే ఉంటుంది. బానెట్టు మీద 45 సెంటీమీటర్ల చదరం టేపుతో గుర్తు పెట్టి అక్కడ పరీక్ష చేయండి. ముందు మెత్తటి ఫోమ్, సన్న పాలిష్. గీతలు పోతే కారంతా దానితోనే. పోకపోతే ఒక మెట్టు గట్టిది. మొదటే వూల్ అందుకోకండి. ప్యాడు మొహమంతా కాంపౌండు పలచగా పట్టించి, ఆ తర్వాత ప్రతి సెక్షన్‌కు శనగగింజంత చుక్కలు మూడు, నాలుగు చాలు. ఎక్కువైతే ప్యాడు జారిపోతుంది, కోయదు, గోడంతా చిందుతుంది. తక్కువైతే పొడిబారి తెల్ల పొడి లేస్తుంది. డయలు ఒకటి మీద పెట్టి పరిచి, నాలుగు, ఐదుకు పెంచండి. చేతి నడక సెకనుకు రెండు, మూడు సెంటీమీటర్లు. నిలువు, అడ్డం కలిపి నాలుగు నుంచి ఆరు పోతలు (సెక్షన్ అంతటా ప్యాడును ఒకసారి నడపడం ఒక పోత), ఒక పోత మీద ఇంకోటి సగం ఎక్కాలి. కటింగ్‌లో నాలుగు కిలోల లోపు ఒత్తిడి. ఎంతంటే అంత అనుకోకుండా, బాత్రూం తూకం మీద నొక్కి చెయ్యికి అలవాటు చేయండి. ఫినిషింగ్‌లో మిషన్ బరువే చాలు.

వేడిని చేత్తో అంచనా వేయకండి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టండి. ప్యానెల్ 60 డిగ్రీలు దాటనివ్వకండి. ప్లాస్టిక్ బంపరు వేడిని పక్కకు పంపలేదు, అక్కడ 50 దగ్గరే ఆగండి. మే నెలలో ఎండలో నిలబెట్టిన నల్ల బానెట్టు మిషన్ పెట్టకముందే 60 దాటి ఉంటుంది. దాన్ని నీడకు తెచ్చి, పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు ముట్టుకోండి. వేడి రేకు మీద చన్నీళ్లు కొట్టి చల్లార్చకండి. బోరు నీళ్లలోని సున్నం అక్కడికక్కడే ఎండి మరకై కూర్చుంటుంది. రేకుల షెడ్డులో ఆ నెలల్లో కటింగ్ పని తెల్లవారుజామున మొదలుపెట్టి పది లోపు ముగించండి.

ఇప్పుడు అడగండి.

(ప్రశ్న: పాలిష్ చేశాక అద్దంలా ఉంటుందండీ, మూడు నాలుగు వాష్‌లకు గీతలు మళ్లీ తేలుతున్నాయి. ఎందుకు?)

ఆ గీతలు పోలేదన్నమాట, నిండాయి. చాలా కాంపౌండ్లలో నూనెలు, గీతలు పూడ్చే పదార్థాలు ఉంటాయి. షాంపూ తగిలేకొద్దీ అవి కరిగిపోతాయి. ప్రతి సెక్షన్ అయ్యాక 15, 20 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిపిన నీళ్లు స్ప్రే చేసి మైక్రోఫైబర్‌తో తుడిచి, అప్పుడు లైటు వేసి చూడండి. ట్యూబ్‌లైటు కింద గీతలు కనిపించవు, ఒకేచోట నుంచి వచ్చే గట్టి ఎల్ఈడీ కావాలి. దాన్ని వాలుగా పట్టుకుని చూడండి.

(ప్రశ్న: ప్యాడుకు కారు రంగు అంటుకుంటోంది. భయపడాలా?)

క్లియర్ లేని సింగిల్ స్టేజ్ పెయింటు అయితే అంటడం సహజం, పాత అంబాసిడర్లు అలాంటివే. మెటాలిక్ రంగు అంటిందంటే క్లియర్ దాటి రంగులోకి వెళ్లారు. వెంటనే ఆపండి. దాన్ని ఏ పాలిషూ వెనక్కి తేలేదు, ప్యానెల్ పెయింటింగే దారి.

(ప్రశ్న: గోరుకు తగిలే గీతలు డీఏతో పోతాయా?)

గోరు పట్టిందంటే అది క్లియర్‌లో లోతుగా దిగింది. పూర్తిగా తీయాలంటే చుట్టుపక్కల పొరంతా ఆ లోతుకు దించాలి. అంత దించకండి. అంచులు గుండ్రబడేదాకా కోసి ఆపితే వెలుగులో కొట్టొచ్చినట్టు కనిపించదు. కస్టమర్‌కు ముందే చెప్పి మొదలుపెట్టండి.

(ప్రశ్న: కొత్తగా పెయింటు వేసిన డోరు మీద ఎన్ని రోజులకు మిషన్ పెట్టొచ్చు?)

క్లియర్ డబ్బా మీదా, దాని టెక్నికల్ షీటు మీదా రాసి ఉంటుంది, అదే ప్రమాణం. బూతులో కాల్చినదానికి, బయట ఆరబెట్టినదానికి తేడా చాలా ఉంటుంది. లోపల థిన్నరు ఇంకా ఉండగా వేడి తగిలితే పొర ముడతపడుతుంది, ఇవాళ తీసిన గీతలు వారానికి మళ్లీ లేస్తాయి. కొత్త రీపెయింట్ సాధారణంగా మెత్తగా ఉంటుంది కాబట్టి మైక్రోఫైబర్ వద్దు, మెత్తటి ఫోమ్‌తో, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. మైక్రోఫైబర్ పెడితే గీతలు పోతాయి గానీ తెల్లగా మసక దిగుతుంది, ఆ మసక తీయడానికి ఇంకో విడత కోత అవుతుంది.

(ప్రశ్న: బ్యాటరీ మిషన్ కొనొచ్చా?)

మినీ అయితే నిస్సంకోచంగా కొనండి, మూలల్లో వైరు అడ్డం రాదు. పెద్ద డీఏ కటింగ్ లోడు మీద బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. రెండు బ్యాటరీలు మార్చుకుంటూ నడిపినా వేసవిలో అవి వేడెక్కి ఉంటాయి, చల్లారేదాకా చార్జరు ఎక్కించుకోదు. షాపులో రోజూ వాడకానికి వైరు మిషనే తీసుకోండి. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, ప్యానెల్ మీద ఈడ్చుకుంటూ తిరిగితే ఇప్పుడే తీసిన గీతలు మళ్లీ పడతాయి.